బడి పిల్లలున్న ఇంటికి తక్కువ ఖర్చుతో ఇంటర్నెట్: లెక్క వేసుకునే పద్ధతి, లైను పెట్టించుకునే పద్ధతి

సాయంత్రం ఐదు గంటలకు బడి నుంచి వచ్చిన అమ్మాయికి గణితంలో ఒక లెక్క అర్థం కాలేదనుకుందాం. పాఠ్యపుస్తకంలో ఆ పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో వివరణ తెరుచుకుంటుంది. కాని ఇంట్లో ఉన్న మంచి ఫోన్ నాన్న జేబులో ఉంటుంది. ఆయన ఆటో నడిపి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అప్పటికి ఆ రోజు డేటా కూడా అయిపోయి ఉంటుంది. ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే నేను తల్లిదండ్రుల సమావేశాల్లో తరచుగా వినే మాట ఒకటుంది: "నెల నెలా రీచార్జికి పోస్తూనే ఉన్నాం సార్, అయినా పిల్లలకు నెట్ ఉండదు."

ఆ మాటలో తప్పేమీ లేదు. మొబైల్ రీచార్జితో మనం కొనే నెట్ సిమ్ముది, ఇంటిది కాదు. సిమ్ము పొద్దున్నే పనికి వెళ్ళిపోతే నెట్ కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది. పిల్లలు చదువుకునే సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఇంట్లో నెట్ ఉండాలంటే, కుటుంబం మొత్తం రీచార్జిలకు పెడుతున్న డబ్బును ఒకచోట చేర్చి చూసుకుని, అందులో కొంత భాగాన్ని ఇంటి లైనుకు, అంటే తీగ ద్వారా ఇంటికే వచ్చి వై-ఫై ఇచ్చే ఇంటర్నెట్ కనెక్షనుకు, మళ్ళించాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నెలకు పది, పదిహేను వేల ఆదాయంతో బతికే కుటుంబాలు ఈ పని ఎలా చేయవచ్చో వివరించడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఇంటి లెక్క రాయండి

పిల్లల పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, ఇంట్లో ఎన్ని సిమ్ములున్నాయో, ఒక్కొక్కదానికి ఎంత రీచార్జి చేస్తున్నారో, అది ఎన్ని రోజులు వస్తుందో రాయండి. రోజుల సంఖ్య తప్పకుండా రాయాలి. 28 రోజుల ప్యాకును చాలామంది నెల ప్యాకు అనుకుంటారు, కాని 365ని 28తో భాగిస్తే 13 వస్తుంది. అంటే ఏడాదికి పన్నెండు కాక పదమూడు రీచార్జిలు పడతాయి. 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి రీచార్జి చేసుకునే ప్యాకు ఒకటైనా ఉంచాలి. రీచార్జి దుకాణంలో వాటిని అడిగి చూడండి. అడగనివారికి 28 రోజులదే ఇస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచినప్పుడు, జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాకు 239 రూపాయల నుంచి 299కి పెరిగింది. తండ్రి, తల్లి, ఇంటర్ చదివే అన్న ముగ్గురూ ఈ ప్యాకే వేసుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి 3,887 రూపాయలు, ముగ్గురికి కలిపి 11,661 రూపాయలు అవుతుంది. రోజుకూలీతో నడిచే ఇంట్లో ఇంత సొమ్ము ఒక్కసారిగా కంటపడదు, మూడు వందలు మూడు వందలుగా జారిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2024 డిసెంబరులో ట్రాయ్ మరొక మంచి నిబంధన తెచ్చింది. డేటా లేకుండా కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికివచ్చే ప్యాకులను కంపెనీలు తప్పనిసరిగా ఉంచాలనీ, ఇలాంటి ప్రత్యేక ప్యాకుల గడువు ఏడాది వరకు ఉండవచ్చుననీ చెప్పింది. ఆ తరువాతి నెలలోనే ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయల ప్యాకు, జియో 84 రోజులకు 448 రూపాయల ప్యాకు తెచ్చాయి. ఇంట్లో వై-ఫై ఉన్నప్పుడు, పగలంతా ఇంటిపట్టునే ఉండేవారి ఫోనుకు డేటా ప్యాకు వేయించడం అనవసరం. కాల్స్ ప్యాకు చాలు.

ఇంటి లైను నెలకు 399 రూపాయలనుకుందాం. ప్రకటనలో రాసిన ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి నిజంగా కట్టవలసింది సుమారు 471, ఏడాదికి 5,652 రూపాయలు. మూడు ఫోన్లకూ 1,849 రూపాయల కాల్స్ ప్యాకు మాత్రమే వేసుకుంటే 5,547 రూపాయలు. రెండూ కలిపితే 11,199. ఇంతకుముందు పెట్టిన 11,661 కంటే కొంచెం తక్కువే. అయితే ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి: ఆటో నడిపే తండ్రికి బయట డేటా లేకపోతే బతుకుతెరువే ఆగిపోతుంది, ఫోన్‌పే కూడా పనిచేయదు. ఆయన ఫోనుకు 299 ప్యాకు అలాగే ఉంచి, మిగతా రెండింటినీ కాల్స్ ప్యాకుకు మారిస్తే మొత్తం ఖర్చు ఏడాదికి 13,237 రూపాయలు. అంటే నెలకు 130 రూపాయల చిల్లర ఎక్కువ పడుతుంది.

ఈ 130 రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో దానికి సమాధానం చాలా ఇళ్ళలో టీవీ బిల్లులో దొరుకుతుంది. కేబుల్‌కో డిష్‌కో నెలకు 250 రూపాయలు కడుతున్న ఇల్లు, టీవీ చానళ్ళు కూడా కలిసి వచ్చే ఫైబర్ (సన్నని గాజు తీగ) లైను తీసుకుంటే, ఏడాదికి 3,000 రూపాయల పాత బిల్లు పోతుంది. అప్పుడు లెక్క మళ్ళీ లాభంలోకి వస్తుంది. ధరలు ఏడాదికోసారి మారుతూనే ఉంటాయి కాబట్టి నేను రాసిన అంకెలను పట్టుకోకండి, మీ ఇంటి అంకెలతో ఇదే కూడిక చేసుకోండి. ఇంట్లో ఒకే ఫోన్, ఒకే సిమ్ము ఉండి టీవీ బిల్లు లేకపోతే మాత్రం ఇంటి లైను ఖచ్చితంగా అదనపు ఖర్చే అవుతుంది. అలాంటి ఇంటికి పనికివచ్చే దారులను చివర్లో చెబుతాను.

చదువుకు ఎంత నెట్ కావాలి

అమ్మేవారు చెప్పేటంత అవసరం లేదు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని ప్రభుత్వం 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌గా (సెకనుకు 2 మెగాబిట్లుగా) నిర్ణయించింది. ఒక పిల్లవాడు మామూలు నాణ్యతతో వీడియో పాఠం చూడడానికి అది నిలకడగా వస్తే చాలు. ఇద్దరు పిల్లలు పాఠాలు వింటూ ఉండగా పెద్దవారు వీడియో కాల్ మాట్లాడుకోవడానికి 10 ఎంబీపీఎస్ సరిపోతుంది. మార్కెట్లో దొరికే చౌక ప్లాన్లలో 20 నుంచి 30 ఎంబీపీఎస్ ఉంటుంది కాబట్టి, "ఇంకో రెండు వందలు వేసుకుంటే వంద ఎంబీపీఎస్ వస్తుంది" అన్న మాటకు మెత్తబడవలసిన పని లేదు.

వేగం కన్నా డేటా పరిమాణం ముఖ్యం. గంటసేపు వీడియో 480పీ నాణ్యతలో చూస్తే సుమారు అర జీబీ, 720పీలో చూస్తే ఒక జీబీకి పైగా అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ ప్యాకు ఒకే సినిమాతో అయిపోయి, ఆపై వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోవడానికి కారణం ఇదే. ఆ వేగంలో వాట్సాప్‌లో రాతపూర్వక సందేశం వెళుతుందేమో గాని పాఠం మాత్రం తెరుచుకోదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి చదువు వరకే లెక్కవేస్తే నెలకు 40, 50 జీబీ చాలు. వినోదం కూడా కలిపితే 150 జీబీ దాకా వెళ్ళవచ్చు. దాదాపు ఏ ఫైబర్ ప్లాన్ అయినా ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది.

మీ వీధికి ఏ లైను వస్తుంది

ఈ ప్రశ్నకు వెబ్‌సైట్లలో దొరికే సమాధానం కన్నా వీధి చివర కరెంటు స్తంభం చెప్పే సమాధానం నమ్మదగినది. స్తంభాల మీదుగా నల్లటి సన్నని ఫైబర్ వైర్లు వెళుతున్నాయా, వాటికి చిన్న ప్లాస్టిక్ పెట్టెలు తగిలించి ఉన్నాయా చూడండి. ఆ వైర్లు ఎవరివో కేబుల్ ఆపరేటరును అడిగితే తెలుస్తుంది. రెండు మూడు ఇళ్ళ అవతల ఎవరైనా ఇప్పటికే లైను పెట్టించుకుని ఉంటే, వారి ఇంటికి వెళ్ళి నెలలో ఎన్నిసార్లు ఆగిపోతుందో, ఆగితే ఎన్నాళ్ళకు బాగుచేస్తున్నారో అడగండి. ఈ ఒక్క పలకరింపు వల్ల కలిగే మేలు ఏ ప్రకటన చదివినా కలగదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఏపీ ఫైబర్‌నెట్ ఉంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించినప్పుడు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇచ్చారు. ఆ ధర తరువాత మారింది, కాబట్టి ఇప్పటి ధర మీ ఆపరేటరును అడిగి తెలుసుకోవాలి. వైర్లను భూమిలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడం వల్ల ఖర్చు తగ్గి, మారుమూల ఊళ్ళకు కూడా అది చేరింది. కనెక్షను ఇచ్చేది, బిల్లు తీసుకునేది స్థానిక కేబుల్ ఆపరేటరే. టీవీ కూడా ఇందులోనే వస్తుంది కనుక, ముందు చెప్పిన లెక్కలో ఇలాంటి లైను పేద ఇంటికి బాగా కలిసివస్తుంది.

తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వపు టీ-ఫైబర్ పని జరుగుతోంది. 2024 డిసెంబరు 8న సంగారెడ్డి జిల్లా సంగుపేట, నారాయణపేట జిల్లా మద్దూరు, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌లలో నెలకు 300 రూపాయలకు ఇళ్ళకు కనెక్షన్లు ఇవ్వడం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మీ ఊరికి వచ్చిందా లేదా అన్నది పంచాయతీ కార్యదర్శిని అడగండి. అక్కడే ఇంకొక ప్రశ్న కూడా వేయాలి: "మన పంచాయతీకి భారత్‌నెట్ లైను వచ్చిందా, పనిచేస్తోందా?" దేశంలోని పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయడానికి 2011లో మొదలైన పథకానికే ఈనాటి పేరు భారత్‌నెట్. 2023 ఆగస్టులో దీనికి 1,39,579 కోట్ల రూపాయలతో కొత్త దశను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. పంచాయతీ దాకా వచ్చిన ఆ లైను నుంచి ఇళ్ళకు బీఎస్ఎన్ఎల్ తరఫున కనెక్షన్లు ఇచ్చే స్థానిక వ్యక్తిని ఉద్యమి అంటారు. చాలా ఊళ్ళలో లైను పంచాయతీ కార్యాలయం గోడ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. పది ఇళ్ళవారు కలిసి వెళ్ళి అడిగితే ఉద్యమి వైరు లాగడానికి ముందుకు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఒక్క ఇంటి కోసం అరకిలోమీటరు వైరు లాగితే అతనికి గిట్టదు.

పట్టణాల్లో జియో, ఎయిర్‌టెల్ వంటి పెద్ద కంపెనీలు, వీటితోపాటు చిన్న స్థానిక సంస్థలు ఉంటాయి. ఫైబర్ రాని చోట గాలి ద్వారా సిగ్నల్ అందుకునే ఎయిర్‌ఫైబర్ తీసుకోమంటారు. 2023 సెప్టెంబరులో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో మొదలైన జియో ఎయిర్‌ఫైబర్ చౌక ప్లాన్ 599 రూపాయలు, పన్నుతో 707. పరిమితమైన ఆదాయంతో నడిచే ఇంటికి ఇది భారమేనని నా అభిప్రాయం. ఫైబర్ దొరికే అవకాశం ఏ కొంచెం ఉన్నా దానికోసం నెలరోజులు ఆగడమే మంచిది.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి

పేద కుటుంబాలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను. మా బడిలో చదివే ఒక అబ్బాయి తల్లి, బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బుతో ఒక చిన్న స్థానిక సంస్థకు ఏడాది చందా ఒకేసారి కట్టింది. ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితమని చెప్పారు. నాలుగో నెలలో లైను ఆగిపోయింది, ఆఫీసు మూతపడింది, ఆమె చేతిలో ఉన్నదల్లా పేరూ ముద్రా లేని తెల్ల కాగితం మీద రాసిన అంకె మాత్రమే. ఆ రోజు నుంచి నేను ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతున్న మొదటి మాట ఇది: కొత్త లైనుకు మొదటి మూడు నెలలు నెల నెలా మాత్రమే కట్టండి. లైను బాగా నడుస్తోందని రూఢి అయ్యాకే ఆరు నెలల, ఏడాది రాయితీల గురించి ఆలోచించండి.

రసీదు విషయంలో మొహమాటపడకూడదు. కేబుల్ ఆపరేటరు మన వీధివాడే కావచ్చు, బాబాయి అని పిలిచే వరుస కూడా ఉండవచ్చు. అయినా రసీదు మీద లైసెన్సు ఉన్న అసలు ఇంటర్నెట్ సంస్థ పేరు, జీఎస్టీ నంబరు, మీ కనెక్షను ఐడీ ఉండాలి. స్థానిక ఆపరేటరు సాధారణంగా ఆ సంస్థకు ప్రతినిధి మాత్రమే. రేపు అతను లైను వదిలేసి వెళ్ళినా, ఈ మూడు వివరాలుంటే మీరు సంస్థను నేరుగా అడగగలరు.

తరువాత ధర గురించి అడిగేటప్పుడు "నెలకు ఎంత" అని కాకుండా "పన్నుతో కలిపి నా చేతి నుంచి ఎంత పోతుంది, అది 28 రోజులకా 30 రోజులకా" అని అడగండి. పెట్టె ఎవరిదన్నది ఇంకొక ముఖ్యమైన విషయం. గోడకు బిగించే ఆ పెట్టెను, అంటే రూటరును, కొందరు డిపాజిట్ తీసుకుని ఇస్తారు, కొందరు అమ్ముతారు, కొందరు అద్దెకిస్తారు. డిపాజిట్ అయితే కనెక్షను మానేసినప్పుడు తిరిగి ఎంత ఇస్తారో రసీదులోనే రాయించుకోవాలి. అద్దె ఇంట్లో ఉండేవారు గోడకు రంధ్రం వేయించే ముందు ఇంటివారి అనుమతి తీసుకోవడమే కాక, ఇల్లు మారితే లైను కొత్త ఇంటికి మార్చడానికి ఎంత తీసుకుంటారో కూడా ముందే తెలుసుకోవాలి; ఏడాదికోసారి ఇల్లు మారే కుటుంబానికి ఈ ఖర్చే నెల బిల్లును మించిపోవచ్చు.

అన్‌లిమిటెడ్ అన్న మాటకు అర్థం కూడా అక్కడే అడగండి. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో దానికి అర్థం నెలకు 3,300 జీబీ. అది ఏ ఇంటికైనా ఎక్కువే. చిన్న సంస్థల చౌక ప్లాన్లలో పరిమితి చాలా తక్కువ ఉండవచ్చు. అప్పుడు పరిమితి దాటాక ఎంత వేగం మిగులుతుందన్నది చూడాలి: 2 ఎంబీపీఎస్ మిగిలితే పాఠాలకు ఇబ్బంది ఉండదు, అంతకు తక్కువైతే నెలాఖరులో పిల్లల చదువు ఆగుతుంది.

గుర్తింపు కోసం ఆధార్, ఫొటో, ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ అడుగుతారు. జిరాక్సు కాపీ ఇస్తే దాని మీద అడ్డంగా "ఇంటర్నెట్ కనెక్షను కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేసి ఇవ్వండి. ఓటీపీ చెప్పే ముందు ఆ సందేశంలో ఏముందో చదవండి, లేదా పిల్లల చేత చదివించుకోండి.

పెట్టె ఇంటికి వచ్చాక

రూటరును ఇంటి మధ్యలో, తల కన్నా ఎత్తులో, గోడకు పెట్టించండి. వైరు తక్కువ పట్టాలని బిగించే అబ్బాయి వీధి గుమ్మం పక్కనే పెట్టేస్తానంటాడు. ఒప్పుకుంటే లోపలి గదిలో చదువుకునే పిల్లలకు సిగ్నల్ అందదు. కొత్త పెట్టెల్లో సాధారణంగా రెండు రకాల వై-ఫై పేర్లు కనిపిస్తాయి. 2.4 అని ఉన్నది గోడలు దాటి దూరం వెళుతుంది, 5 అని ఉన్నది వేగంగా ఉన్నా దగ్గరివరకే పనిచేస్తుంది. పాత, చౌక ఫోన్లకు చాలావరకు 2.4 మాత్రమే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఆపేయవద్దని చెప్పండి.

పాస్‌వర్డును మొదటి రోజే మార్చుకోండి. మీ లైనులో ఎవరు ఏం చేసినా సంస్థ రికార్డుల్లో ఉండేది మీ పేరే. పక్కింటి పిల్ల పరీక్షల ముందు వచ్చి మీ వరండాలో కూర్చుని చదువుకుంటే అది మంచిపనే. కాని నాలుగిళ్ళకు పాస్‌వర్డు ఇచ్చి తలా వంద రూపాయలు వసూలు చేయడం ఇంటి కనెక్షను నిబంధనలకు విరుద్ధం. పంచుకోవడానికి చట్టబద్ధమైన దారి వేరే ఉంది, కింద చెబుతాను.

ఫోన్లలో మూడు మార్పులు చేస్తే డేటా వృథా తగ్గుతుంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపాలి. యూట్యూబ్ సెట్టింగుల్లో వీడియో నాణ్యతను డేటా ఆదా వైపు పెట్టాలి. ప్లేస్టోర్‌లో యాప్‌లు వై-ఫై ఉన్నప్పుడు మాత్రమే అప్‌డేట్ అయ్యేలా మార్చాలి. మూడో మార్పు బయటకు వెళ్ళే తండ్రి ఫోనుకు మరీ అవసరం.

రూటరుకు కరెంటు ఎంత కాలుతుందని చాలామంది తల్లులు అడుగుతారు. 12 వాట్ల పెట్టె రోజంతా వెలిగితే నెలకు సుమారు తొమ్మిది యూనిట్లు అవుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న ఇల్లు, ఆ గీతకు దగ్గరగా ఉంటే ఈ తొమ్మిది యూనిట్లు కూడా చూసుకోవాలి, ఎందుకంటే గీత దాటితే మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు స్విచ్ ఆపేస్తే వాడకం సగానికి తగ్గుతుంది. రాత్రి పదికి స్విచ్ ఆపే అలవాటు పిల్లల నిద్రకు కూడా మేలు చేస్తుంది.

లైను ఆగినప్పుడు ముందుగా పెట్టె మీది దీపాలు చూడండి. ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటే బయట ఎక్కడో ఫైబర్ తెగిందని అర్థం. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఆపరేటరుకు ఆ సంగతే చెప్పండి. గడ్డి ట్రాక్టరు తగిలి కిందికి వేలాడే వైరు తెగడం, కోతులు లాగి తెంపడం మన ఊళ్ళలో మామూలే. ఎర్ర దీపం లేకుండా నెట్ మాత్రమే రాకపోతే పెట్టెను ఆపి, ఐదు నిమిషాలాగి వేసి చూడండి, లేదా గడువు తీరిందేమో చూడండి. ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదుకు నంబరు ఇమ్మని అడిగి, గోడ క్యాలెండరులో ఆ తేదీ కింద రాసుకోండి. ఫోన్ కంపెనీల ఫిర్యాదులకు 198 ఉచిత నంబరు ఉంది. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు చేసుకోవచ్చు. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. ట్రాయ్ నిబంధనలు చేస్తుంది గాని ఒక్కొక్కరి ఫిర్యాదును స్వయంగా పరిష్కరించదు, కాబట్టి అక్కడికి ఉత్తరం రాసి ఎదురుచూడడం వల్ల కాలం గడవడమే తప్ప పని జరగదు.

పిల్లల చేతికి నెట్ ఇవ్వడం గురించి ఒక్క మాట. పిల్లల చదువుపై 2024లో జరిగిన అసర్ సర్వేలో, గ్రామీణ ప్రాంతాల్లో స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 57 శాతం మంది ఆ వారంలో చదువు కోసం వాడామని, 76 శాతం మంది సోషల్ మీడియా కోసం వాడామని చెప్పారు. అందుకే పెద్దవారు ఎదురుగా ఉన్న గదిలోనే ఫోన్ వాడాలన్న నియమం పెట్టండి, పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు అదుపు చేసే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌లో సమయం పరిమితి పెట్టండి, యూపీఐ పిన్ను మాత్రం పిల్లలకు తెలియనివ్వకండి.

లైను రాని ఊళ్ళో, లైనుకు డబ్బు లేని ఇంట్లో

కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి పథకం గురించి మన ఊళ్ళలో తెలిసినవారు తక్కువ. దీని కింద కిరాణా కొట్టు, టీ దుకాణం, పొదుపు సంఘం సభ్యురాలి కుట్టుమిషను గది, ఏదైనా సరే లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషను రుసుము లేకుండా ప్రజా వై-ఫై కేంద్రం కావచ్చు. ఊళ్ళో ఒక్క చోటికి ఫైబర్ లైను వస్తే చాలు, దాని నుంచి చుట్టుపక్కలవారికి చిన్న చిన్న కూపన్లుగా నెట్ అమ్మవచ్చు. ఇంతకుముందు ఇలాంటి కేంద్రాలకు కంపెనీలు వాణిజ్య ధరలు చెప్పేవి. 2025 జూన్‌లో ట్రాయ్ దానికి హద్దు పెట్టి, 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ప్లాన్ల ధరకు రెండింతలకు మించి వసూలు చేయకూడదని ఆదేశించింది. మహిళా సంఘం సమావేశంలో ఈ విషయం ఒకసారి ఎత్తి చూడండి. బడికి దగ్గర్లో ఉన్న దుకాణమైతే పిల్లలకు మరింత ఉపయోగం. ఇంటి నెట్‌కు ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాదు గాని, ఒకే సిమ్ము ఉన్న ఇంటికి ఇంతకన్నా చౌకైన దారి నాకు కనిపించలేదు.

రెండో దారి గ్రంథాలయం. మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే పద్ధతి 1960 నాటి గ్రంథాలయ చట్టం నుంచి వచ్చింది. ఆ డబ్బు మనదే కాబట్టి, మన శాఖా గ్రంథాలయంలో పిల్లలకు వై-ఫై పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఇవ్వడంలో సంకోచించవలసింది ఏమీ లేదు. గ్రామసభలో అడగడానికి మరొక ఆధారం కూడా ఉంది: 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టల్లో ఫోన్ మీద ఆంక్షలను ఎదిరించిన ఒక కాలేజీ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుకునే హక్కు విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పింది. 2023 జూన్‌లో ఆ రాష్ట్రం కేఫోన్ పేరుతో సొంత ఫైబర్ జాలాన్ని ప్రారంభించి, నిరుపేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఫైబర్ జాలం ప్రభుత్వం చేతిలోనే ఉంది. రేషను కార్డు ఉండి బడి పిల్లలున్న ఇంటికి ధర తగ్గించమని అడగడం న్యాయమైన కోరికేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మూడో దారి, నెట్ ఉన్న చోట దించుకుని లేని చోట చదవడం. దీక్షాలో పాఠాలను ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే ఆ తరువాత నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. వారానికొకసారి బంధువుల ఇంటి వై-ఫై దగ్గర గానీ, రోజుకు అరగంట ఉచిత వై-ఫై ఇచ్చే రైల్వే స్టేషనులో గానీ ఆ వారం పాఠాలు దించుకోవచ్చు. 32 జీబీ మెమరీ కార్డు ఒకటి ఉంటే పదో తరగతి పిల్లకు ఏడాది పాఠాలు నిలవ ఉంటాయి.

నెట్‌తో పనే లేని దారి టీవీ. నెలసరి చందా లేని డీడీ ఫ్రీ డిష్‌లో పీఎం ఈ-విద్య చానళ్ళు వస్తాయి. తెలంగాణలో టీ-శాట్ విద్య చానల్ తెలుగులో పాఠాలు చెబుతుంది. ఆ పాఠాలు యూట్యూబ్‌లో కూడా ఉండడం వల్ల, తప్పిపోయినవాటిని తరువాత చూసుకోవచ్చు. కరోనాతో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి కొన్ని నెలలపాటు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళే తెలంగాణ ప్రభుత్వ బడి పిల్లలకు తరగతి గదులయ్యాయి. ఆ నెలల్లో పిల్లలు పలక మీద లెక్కలు చేసి, ఫొటో తీసి పంపడానికి ఫోనున్న ఇంటికి పరుగెత్తడం నేను చూశాను.

లైను పెట్టించాలని నిర్ణయించుకున్నవారు వేసవి సెలవుల్లోనే పని మొదలుపెట్టాలి. సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో అందరూ ఒకేసారి అడగడంతో ఆపరేటర్లకు తీరిక దొరకదు, వాన పడితే స్తంభం ఎక్కే మనిషి రాడు. మే మొదటి వారంలో ఇంటి లెక్క రాసి, రెండో వారంలో వీధిలో విచారించి, మూడో వారానికి ఆపరేటరుకు చెబితే, మే నెలాఖరుకు గోడ మీద పెట్టె వెలుగుతుంది. బడి తెరిచేలోగా మిగిలే పది పన్నెండు రోజుల్లో సిగ్నల్ ఏ మూలకు అందుతోందో చూసుకోవచ్చు, ఫోన్లను కాల్స్ ప్యాకుకు మార్చుకోవచ్చు, కొత్త తరగతి పుస్తకాల క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేసి మొదటి పాఠాలను దించి పెట్టుకోవచ్చు.